గాలి ఆగిన రోజు

ఆ చలికాలం మా ఇంట్లో తగువు మొదలుపెట్టింది ఒక సన్నటి గాలి.

పాపకి అప్పుడు ఎనిమిదో నెల. మాది రెండు గదుల ఇల్లు. వెనకగది వంటకే చాలీచాలకుండా ఉండేది కాబట్టి ఉయ్యాల ముందుగదిలో, వీధి తలుపుకి ఎదురుగా వేశాం. చలి ముదిరిన వారానికే పాపకి జలుబు చేసింది, ఆ వెనకే దగ్గు పట్టుకుంది. డాక్టరమ్మ పాప వీపు మీద గొట్టం ఆనించి విని, "పిల్లకి గాలి తగలనివ్వకండి" అంది. ఇంటికొచ్చి ఉయ్యాల పక్కన కూర్చున్నాక గమనించాను, నా మెడ మీద చల్లగా ఏదో తగులుతోంది. చూస్తే తలుపు వేసే ఉంది.

ఆ తలుపు మా మామయ్య చేసింది. మాదొక్కటే కాదు, ఆ వరసలో ఉన్న పన్నెండు ఇళ్ల వీధి తలుపులూ ఆయన చేతివే. అన్నీ చేవదేరిన కర్రతో చేసినవి. తలుపు బిగించాక ఇంటివాళ్లని పిలిచి సందులో కాగితం దూర్చమనేవారట. కాగితం దూరితే తలుపు ఊడదీసి మళ్లీ చిత్రిక పట్టేవారట. పెళ్లయి వచ్చిన కొత్తలో నా చేత కూడా కాగితం పట్టించి చూపించారు. మా అత్తగారు లేని ఆ ఇంట్లో ఆయన నాకు మొట్టమొదట చూపించిన వస్తువు ఆ తలుపే.

"తలుపు బ్రహ్మాండంగా ఉంది. పిల్ల మాత్రం దగ్గుతోంది," అన్నాడు మా ఆయన ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని.

మామయ్య తినడం ముగించి, చేయి కడుక్కుని, తుడుచుకోకుండానే తలుపు దగ్గరికి వెళ్లారు. తడిచేతిని తిరగేసి గడప దగ్గర్నుంచి తలుపు అంచు వెంబడి మెల్లగా జరుపుకుంటూ వచ్చారు. మడతబందుల వైపు పైదాకా వెళ్లారు. పైన అడ్డంగా వచ్చారు. గొళ్లెం వైపు పైమూలకి రాగానే చేయి ఆగింది.

"ఇక్కడ. జానెడు మేర," అన్నారు.

"చలికి కర్ర కుంచించుకుని ఉంటుందిలే నాన్నా."

"కుంచించుకుంటే ఆ వైపంతా ఒకేలా వదలాలి కదరా. ఒక్క మూల ఎందుకు వదులుతుంది?"

"అది నువ్వు చేసిన తలుపు. నన్నడుగుతావేంటి?"

మా ఆయనకి విసుగు ఎక్కువైన రోజులవి. ఊరి కింద మురుగునీటికి సొరంగం తవ్వుతున్నారు, అందులో సూపర్‌వైజరు ఆయన. పొద్దున్నే దిగితే బురద కొట్టుకుని సాయంత్రానికి తేలేవాడు. సొరంగం మా వీధి కిందికి వచ్చినప్పటినుంచీ ఇంకో పని కూడా తగిలింది. ఇళ్ల గోడలు కదులుతున్నాయేమోనని, వాటికి అతికించిన గుర్తుల దగ్గర రోజూ కొలత చూసి పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం చంకలో పెట్టుకునే ఇంటికి వచ్చేవాడు.

తలుపు అంత బిగువుగా ఉండటమే పెద్ద చిక్కయింది. మామూలు తలుపయితే చుట్టూ రబ్బరు పట్టీ అతికిస్తే గాలి ఆగుతుంది. మా తలుపుకి మిగతా వైపులా గుడ్డపేలిక పట్టే చోటయినా లేదు. ఏది అతికించినా తలుపు పడదు. ఆ ఒక్క మూలే ఖాళీ, అదీ కింద వెంట్రుకవాసి మొదలై పైకి పోయేకొద్దీ వెడల్పవుతోంది. మామయ్య పాత కంబళి ముక్కని ఏటవాలుగా కోసి, అంచు కుట్టించుకు రమ్మని నన్ను మిషనమ్మ దగ్గరికి పంపారు.

మిషనమ్మది గోడ అవతలి ఇల్లు. అందరూ ఆమెని అలాగే పిలిచేవాళ్లు. ఒంటరి మనిషి. పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. నాకు కాన్పయిన నెలంతా మా ఇంట్లో వంట ఆమే చేసింది, అడక్కుండానే. కంబళి ముక్క చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్లూ మనుషులకే కొలతలు తీశాను. ఇప్పుడు తలుపుకి లంగా కూడా నేనే కుట్టాలా?"

"లంగా కాదక్కా, మఫ్లరు."

ఆమె పగలబడి నవ్వింది. మఫ్లరుతో పాటు గడప దగ్గర పరచడానికి పొడుగాటి సంచీ కూడా కుట్టి, అందులో రంపపుపొట్టు కూరి ఇచ్చింది. నేను వచ్చేస్తుంటే, "మా తలుపు కూడా ఈమధ్య పైమూల ఈల వేస్తోంది. బాబాయిని ఓసారి చూడమను," అంది.

ఆ మాట మామయ్యకి చెప్పాను. ఆయన అప్పుడు స్టూలెక్కి కంబళి పట్టీకి మేకులు కొడుతున్నారు. సుత్తి ఆపి, "ఏ మూల?" అని అడిగారు. నాకు తెలియదన్నాను.

రెండు రోజులు హాయిగా గడిచింది. పాప దగ్గు తగ్గుతున్నట్టే అనిపించింది. మూడోనాటికి కంబళి పట్టీ పక్కనుంచే గాలి మొదలైంది. వారం తిరిగేసరికి ఆ మూల పెన్సిలు దూరుతోంది. మామయ్య దళసరి పట్టీ వేశారు. అదీ చాలలేదు. పాపకి మళ్లీ దగ్గు ఎక్కువై ఒళ్లు కాలింది.

ఆ పూట మా ఆయన బురదకాళ్లతోనే లోపలికొచ్చి తలుపు వంక చూశాడు.

"నీ చెయ్యి పోయింది నాన్నా. ఒప్పుకుంటే ఓ పనైపోతుంది. ఇనప తలుపు తెచ్చి బిగిస్తాను, ఈ పీడ వదులుతుంది."

మామయ్యకి అరవై ఏడేళ్లు. ఆయన్ని ఆ మాట ఎవరూ అని ఉండరు. పళ్లెం ముందు కూర్చుని అన్నం కలుపుతూ ఉండిపోయారు. చివరికి కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచారు. నాకు జాలేసింది గానీ, ఉన్నమాట చెప్పాలంటే, నేనూ మా ఆయన అన్నదే నిజమనుకున్నాను.

మర్నాడు మా ఆయన పనికి వెళ్లాక మామయ్య నన్ను పిలిచి దారం కొస చేతికిచ్చారు.

"ఈ మూల పట్టుకో అమ్మా. కదిలించకు."

ద్వారబంధానికి ఒక పైమూల నుంచి ఎదురు కిందిమూలకి దారం లాగి ముడి వేశారు. తర్వాత రెండో పైమూల నుంచి లాగి చూశారు. రెండు కొలతలూ సమానంగా ఉండాలి, కానీ మొదటిదానికి వేసిన ముడి రెండోసారి మూలకి రెండు వేళ్ల ఎడంలో పడింది. మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే వచ్చింది. తర్వాత ఇత్తడి గుండు కట్టిన దారం గోడకి వేలాడదీసి చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

"ఏమైంది మామయ్యా?"

"తలుపు సరిగ్గానే ఉంది. దాని నాలుగు మూలలూ ఎలా చేశానో అలాగే ఉన్నాయి. దాన్ని పట్టుకున్న గోడ ఒరుగుతోంది," అన్నారు. ఆయన మొహంలో ముందు కనపడింది సంతోషమే. నా చెయ్యి పోలేదు అన్న సంతోషం. క్షణం తర్వాత అది పోయి రంగు మారింది.

ఆ రోజే గుండూ దారం పట్టుకుని వరసంతా తిరిగారు. మొదటి ఎనిమిది ఇళ్లూ బాగున్నాయి. తొమ్మిదో ఇంటి నుంచి చివరి ఇల్లు దాకా ద్వారబంధాలన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. మాది పదో ఇల్లు, మిషనమ్మది పదకొండోది. ముసలాయన తను చేసిన తలుపులకి తనే వంకలు పెట్టుకుంటున్నాడని వీధిలో నవ్వారు.

సాయంత్రం మా ఆయనకి చెప్పారు. ఎత్తిపొడుపేమీ లేకుండా, పనివాడు పనివాడికి చెప్పినట్టు చెప్పారు. ఏ ఇల్లు ఎంత వాలిందో వేళ్లతో చూపించారు.

"పాత గోడలు నాన్నా. కాస్త అటూ ఇటూ అవుతాయి. రోజూ కొలత రాస్తున్నది నేనే కదా. ఏమీ కదల్లేదు."

"రాస్తున్నావా, కొలుస్తున్నావా?"

మా ఆయన పక్కనున్న పుస్తకం తీసి ఇంకో పక్కన పెట్టాడు. "టీ పెట్టు," అన్నాడు నాతో.

నేను టీ పెడుతుంటే వెనకగదిలోకి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పాపని తీసుకుని కొన్నాళ్లు మీ అన్నయ్య వాళ్లింట్లో ఉండరాదూ?"

"ఈ చలిలోనా? జ్వరంతో ఉన్న పిల్లని పెట్టుకుని బస్సెక్కమంటారా?"

"జ్వరం తగ్గాకే వెళ్లు. ఆదివారం వెళ్లు."

తండ్రీకొడుకుల తగువు నేను చూడకూడదని పంపేస్తున్నాడనుకున్నాను. అభిమానంతో వెళ్లనన్నాను. ఆయన ఇంకోమాట రెట్టించలేదు.

ఆ శుక్రవారం పొద్దున మా ఆయన పనికి వెళ్లాక పాప ఉయ్యాల ఊపుతుంటే గది వెచ్చగా ఉన్నట్టనిపించింది. తలుపు దగ్గరికి వెళ్లి మామయ్య చేసినట్టే తడిచేయి పెట్టి చూశాను. ఎక్కడా గాలి లేదు. కంబళి పట్టీ నలిగి, ముద్దలా సందులో ఇరుక్కుపోయి ఉంది.

"మామయ్యా! గాలి ఆగిపోయింది!"

ఆయన వెనకగదిలో ఉలి నూరుకుంటున్నారు. గబగబా వచ్చారు. నేను నవ్వుతూ పక్కకి జరిగాను. ఆయన తలుపు చుట్టూ చేయి ఆడించారు. గొళ్లెం మీద చేయి వేసి లాగారు. అది రాలేదు. రెండు చేతులా లాగినా కదల్లేదు.

"నువ్వేమైనా కూరావా ఇక్కడ?"

"లేదు."

"గోడ తలుపు మీదికి దిగింది. పిల్లని ఎత్తుకో."

ఆయన గొంతు ఏమాత్రం పెంచలేదు. అందుకే నాకు భయమేసింది. మా ఇళ్లకి వెనక తలుపుల్లేవు. మా వెనకగోడకి ఇంకో వరస ఇళ్ల వెనకగోడలు ఆనుకుని ఉంటాయి. వీధివైపు కిటికీకి ఇనపచువ్వలు. మామయ్య మంచం కింద నుంచి గొడ్డలి లాగారు. నన్ను వెనక మూలకి పొమ్మని, తలుపు కిందిభాగంలో మడతబందు పక్కన కొట్టడం మొదలుపెట్టారు. తన పనిలో బలహీనం ఎక్కడుందో ఆయనకి తెలుసు. తెలిసి కూడా చాలాసేపు పట్టింది. ఆ కర్ర అలాంటిది. ప్రతి దెబ్బకీ పైనుంచి సున్నం రాలి ఆయన తలమీద పడుతోంది.

మనిషి వంగి దూరేంత కంత పడగానే నన్ను ముందు తోశారు. పాపని గుండెకి అదుముకుని పాకుతూ వీధిలోకి వచ్చాను. బయట ఎండ కాస్తోంది, జనం మామూలుగా నడుస్తున్నారు. మామయ్య నా వెనకే వచ్చి, ఒక్క క్షణం కూడా నిలబడకుండా మిషనమ్మ తలుపు దగ్గరికి వెళ్లారు. తొమ్మిదో ఇంటివాళ్లు పనులకి పోయారు, తాళం వేసి ఉంది. చివరి ఇంటి ముసలమ్మ వీధిలోనే ఎండకి కూర్చుని ఉంది. మిషనమ్మ ఇంట్లోంచి మాత్రం మిషను చప్పుడు వస్తోంది.

"తలుపు తియ్యమ్మా! బయటికి రా!"

మిషను ఆగింది. "ఏంటి బాబాయ్, ఇందాకట్నుంచీ ఆ కొట్టుడు?"

"చెప్తాను, ముందు తియ్యి!"

గొళ్లెం లాగుతున్న చప్పుడు వినిపించింది. ఆగి మళ్లీ లాగింది. "రావట్లేదు బాబాయ్."

మామయ్య గొడ్డలి ఎత్తారు. అప్పటికే ఆయన అరచేతులు చిట్లి పిడి ఎర్రగా అయింది. నలుగురు మనుషులు పోగయ్యారు. ఒకాయన కిటికీ చువ్వలు వంచడానికి ఇనప కడ్డీ కోసం పరుగెత్తాడు. ఇంకొకాయన గొడ్డలి నాకివ్వమని చేయి చాచాడు. మామయ్య ఇవ్వలేదు. ఎక్కడ కొట్టాలో నాకే తెలుసు అన్నారు.

లోపల్నుంచి మిషనమ్మ కూడా ఏదో పెట్టి తలుపుని కొడుతోంది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, "ఇంత గట్టిగా చెయ్యమని నిన్నెవరడిగారు బాబాయ్!" అంది. నవ్వుతూనే అంది. ఆమెకి ఇంకా అర్థం కాలేదు.

కంత చేయి పట్టేంత అయింది. ఆమె చేయి బయటికి వచ్చింది. వేళ్లకి తెల్లదారం అంటుకుని ఉంది. మామయ్య గొడ్డలి కింద పెట్టి ఆ చేయి పట్టుకున్నారు. అప్పుడే తలుపు పైన గోడ ఇటుకకి ఇటుక విడుతూ కనిపించింది. నేను పాపని ముసలమ్మ ఒళ్లో పడేసి, వెనకనుంచి మామయ్య చొక్కా పట్టుకుని నా బలమంతా పెట్టి లాగాను. ఆయన చేయి వదల్లేదు. ఇంకోసారి లాగాను. వదిలారు.

చప్పుడు నేననుకున్నంత పెద్దగా రాలేదు. దుమ్ము చాలాసేపు లేచింది.

తర్వాత మేం మా అన్నయ్య వాళ్లింటికి చేరాం. తెర కట్టిన మూల ఒకటి మాకిచ్చారు. మామయ్య కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. మూడోరోజు తెర ఇవతల మా ఆయన నా ముందు నోరు విప్పాడు.

"మూడు వారాల ముందునుంచే నీళ్లు ఊరుతున్నాయి సొరంగంలో. మట్టి జారుతోంది. పెద్ద ఇంజినీరుకి చెప్పాను. పని ఆగితే ఎవరు జవాబు చెప్తారన్నాడు. కొలతలు పాతవే వేసెయ్యమన్నాడు."

"మీరు వేశారు."

"వేశాను."

"నన్ను అన్నయ్య వాళ్లింటికి పొమ్మన్నది అందుకేనా?"

ఆయన తల ఊపాడు. మమ్మల్ని కాపాడాలనుకున్నాడు, నన్నూ పాపనీ. వరసలో పన్నెండు ఇళ్లున్నాయి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే తెర అవతల మామయ్య దగ్గారు. ఆయన అక్కడ కూర్చున్నారని మా ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది.

నెల తర్వాత విచారణ జరిగింది. ఒక బడి హాలులో, పిల్లలు కూర్చునే బల్లల మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. సొరంగం వాళ్ల తరఫు మనిషి ఏవో కాగితాలు చదివాడు. కొలతల్లో తేడా ఏమీ లేదట. గోడలు పాతవట. పాత ఇంటి తలుపులు మరీ బిగువుగా ఉండటంవల్ల మనిషి సమయానికి బయటపడలేకపోయిందట. అధికారి అంతా విని మామయ్యని లేపాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కుర్చీ తెప్పించి కూర్చోమన్నాడు. మామయ్య నిలబడే ఉన్నారు.

"మీ తలుపులోంచి కొన్నాళ్లుగా గాలి వస్తోందని పక్కవాళ్లు చెప్పారు. గోడ కదులుతోందని మీకు అనుమానం వచ్చిందా?"

"లేదండి."

"దారంతో కొలుస్తూ తిరిగారట కదా?"

"తలుపులు చూసుకోవడానికి తిరిగానండి. నావే కదా."

"మీ అబ్బాయి ఆ పనిలోనే ఉన్నారు. ఆయనకేమైనా చెప్పారా?"

మా ఆయన నా పక్కనే ఉన్నాడు.

"చెప్పడానికేముందండి," అన్నారు మామయ్య. "తలుపు లోపమే అది. బిగువు ఎక్కువ పెట్టాను. కర్రకి చోటు వదలాలి, వదల్లేదు. నా పనితనంలోనే ఉంది తప్పు."

గుమాస్తా రాసుకున్నాడు. రెండో వరసలోంచి ఒకావిడ లేచింది. నుదురూ కళ్లూ అచ్చం మిషనమ్మవే. ఆమె చెల్లెలు.

"మా అక్క ఇంటి తలుపు చేసింది మీరేనా?"

"నేనేనమ్మా."

ఆమె ఇంకేదో అంటుందనుకున్నాను. కూర్చుంది.

అధికారి నా వైపు తిరిగాడు. "మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?" నాకు తెలిసిందంతా నాలుగు మాటల్లో చెప్పొచ్చు. మామయ్య నావైపు చూడలేదు. పాప నా ఒళ్లో నిద్రపోతోంది. లేదండీ అన్నాను.

బయటికి వచ్చాక మెట్లు దిగుతూ మా ఆయన, "నాన్నా..." అన్నాడు. మామయ్య వెనక్కి తిరక్కుండా, "పిల్లకి ఎండ తగుల్తోంది, తలమీద గుడ్డ కప్పండి," అన్నారు.

ఆయన ఆ తర్వాత ఏడేళ్లు బతికారు. మళ్లీ ఉలి పట్టలేదు. కొడుకుతో మాట్లాడటం మానలేదు. కూరలో ఉప్పు గురించీ, పాప బడి గురించీ మాట్లాడేవారు. ఆ శుక్రవారం సంగతి మాత్రం ఎవరం ఎత్తలేదు. మా ఆయనకి ఆ పనిలోనే పైమెట్టు దొరికింది. పదవి పెరిగిన రోజు ఇంటికొచ్చి బోర్లా పడుకున్నాడు. నేను లేపలేదు.

మొన్నీమధ్య పాప ఎవరి దగ్గరో విని వచ్చింది. ఇప్పుడు దానికి ఇరవయ్యేళ్లు. బట్టలు మడతపెడుతూ అడిగింది.

"అమ్మా, తాతయ్య చేసిన తలుపు బిగుసుకుపోయి ఒకావిడ చచ్చిపోయిందట కదా, నిజమేనా?"

మా ఆయన పక్కగదిలోనే ఉన్నాడు. పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగింది.

అవునన్నాను.